గంపకింద కోడికి నిద్ర పడుతుందా?

దీపాలు పెట్టేవేళ పెరట్లో కోళ్ళు చేసే హడావుడి ఎప్పుడయినా గమనించారా? అంతవరకూ పెంటకుప్ప కెలుకుతూ తిరిగిన పెట్టలు వొక్కసారిగా మెడలు నిక్కించి పైకి చూడడం మొదలుపెడతాయి. నూతిగట్టు, పిట్టగోడ, జామకొమ్మ - ఎత్తుగా ఏది కనబడితే దానిమీదికి ఎగురుతాయి. ఇంటావిడ వాటిని వొక్కొక్కటే దింపి, గంపకింద కమ్మి, పైన రాయి పెట్టి "అమ్మయ్య" అనుకుంటుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం పెరళ్ళలోనూ, కొల్లేటి లంకల్లోనూ చాలా యిళ్ళలో యిదే పద్ధతి. పిల్లి బారినుంచి కోడి దక్కుతుందన్నమాట నిజమే. మరి కోడి పైకెందుకు చూసినట్టు?

అది తెలియాలంటే దాని పుట్టింటికి వెళ్ళాలి. మన పెంపుడు కోళ్ళకు మూలం ఎర్ర అడవికోడి. పగలు నేలమీద గింజలూ పురుగులూ ఏరుకు తిని, చీకటి పడేసరికి చెట్టెక్కడం దాని ఆచారం. నక్కలూ అడవిపిల్లులూ తిరిగేచోట నేలమీద పడుకున్న కోడి తెల్లవారి కూయదు గదా! మనిషి దాన్ని యింటికి తెచ్చి వేల యేళ్ళయినా ఆ భయం పోలేదు. చీకట్లో కోడికి చూపు బహు తక్కువ. అందుకే వెలుతురు పూర్తిగా పోకముందే చోటు చూసుకోవాలని దాని ఆరాటం. తొలికోడి కూతతో కాలాన్ని కొలుచుకున్న మనవాళ్ళు, ఆ కూసేది రాత్రి ఎలా పడుకున్నదో పట్టించుకున్నట్టు కనబడదు. పందెం పుంజుకయితే బాదంపప్పులు కూడా పెడతారనుకోండి!

ఇది వట్టి అలవాటే గాని అవసరం కాదనేవారున్నారు. 2000 ప్రాంతంలో స్వీడనులో పరిశోధకులు ఆ సంగతే పరీక్షించారు. గుడ్లకోళ్ళకు దండెం అమర్చి దీపం ఆర్పితే, పది నిమిషాల్లో నూటికి తొంభైకి పైగా దండెమెక్కాయి. దండెం అందకుండా చేస్తే కుదురుగా కూర్చోలేక తిరుగాడాయి. తరువాత దారిలో బరువైన తలుపు పెట్టి చూశారు. కోళ్ళు దాన్ని తోసుకుని మరీ వెళ్ళాయి. ఐరోపా దేశాలవారు 1999 లోనే, పెట్టకు 15 సెంటీమీటర్ల చొప్పున దండెం వుండాలని చట్టంలో రాసుకున్నారు. దండెం లేకపోతే కోడి చచ్చిపోతుందా అంటే, చచ్చిపోదు. మంచం లేకపోతే మనమూ చావం.

మన ప్రాంతంలో దీనికి చెమ్మకూడా తోడవుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరంతా కొల్లేట్లో నిలిచి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి పోతుంది. వానకారులో లంకల నేల ఆరదు. ఆ నేలమీద గంపకింద కోడి రాత్రంతా తన రెట్టలోనే కూర్చుంటుంది. తడిరెట్టనుంచి లేచే అమ్మోనియా ఘాటు కళ్ళకూ వూపిరికీ చేటు. నెత్తురు పారుడు తెచ్చే కాక్సీడియా క్రిములు కూడా చెమ్మలోనే బలపడతాయి. దండెం మీదయితే కోడి పైన, రెట్ట కింద!

కైకలూరు దగ్గర ఆటపాకలో పక్షుల కేంద్రం చూసినవారికి గుర్తుండే వుంటుంది - చెట్లు చాలక, గూడబాతుల కోసం నీళ్ళలో కృత్రిమపు స్టాండ్లు నిలబెట్టారు. అవి వాటిమీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. కొల్లేటి గూడబాతుకు సర్కారువారు చేసిన వుపకారం, మన పెట్టకు మనం చేయలేమా?

అయితే చెట్టుమీదే పడుకోనిస్తే సరిపోదా అని అడగవచ్చును. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినట్టు తేలింది. ఆ వైరసును నీటిపక్షులు మోసుకుని తిరగగలవు, రెట్టలో విడవగలవు. కొంగలు వాలే చెట్టుమీద కోడిని వుంచడం క్షేమం కాదు. గట్టి కప్పు, తడిక, తలుపు వున్న గూడు కట్టి, దండెం దానిలోపల పెట్టాలి.

దండేనికి రెండంగుళాల లావుగల సరుగుడు కర్ర చాలు. పైభాగం కాస్త చదునుచేసి, అంచులు నున్నగా చిత్రిక పట్టించండి. సన్నని బద్దమీద కూర్చుని కూర్చుని కోడి రొమ్ముటెముక వంకరపోతుంది. నాటుపెట్టలకు నేలనుంచి అడుగున్నర, రెండడుగుల ఎత్తు సరిపోతుంది. హైదరాబాదు పరిశోధకులు పెరటి పెంపకానికే తయారుచేసిన వనరాజా రకం, పందెం పుంజులు బరువైనవి; వాటికి అడుగెత్తు మించకూడదు. పైనుంచి బరువుగా దూకితే అరికాలు దెబ్బతిని చీముగడ్డ లేస్తుంది. రెండు కర్రలు పెడితే రెండూ వొకే ఎత్తులో వుంచండి. లేకుంటే పైమెట్టుకోసం రోజూ సాయంకాలం కురుక్షేత్రమే.

దండెంతో వొక చిక్కు లేకపోలేదు. గోమార్లు పగలు కర్ర పగుళ్ళలో దాగి, రాత్రి వచ్చి నెత్తురు పీలుస్తాయి. కర్రను మేకులతో బిగించక, తీసి పెట్టే వీలుగా అమర్చి, అప్పుడప్పుడు మరిగే నీళ్ళు పోసి ఎండవేయాలి.

పొదిగే పెట్టకూ, దాని రెక్కలకింది పసిపిల్లలకూ మాత్రం దండెంతో పనిలేదు. వాటికి గంపే మేలు, అడుగున పొడి వూక పోస్తే. గంపకు అలవాటుపడ్డ పెద్దకోళ్ళు కొత్త దండేన్ని మొదట అనుమానంగా చూస్తాయి. మసకచీకటి పడ్డాక నాలుగు రోజులు చేత్తో ఎత్తి దానిమీద కూర్చోబెట్టండి. అయిదోనాడు అవే ఎక్కకపోతే, కర్ర మరీ ఎత్తయిందేమో చూడండి.