మూత్రములో తెల్లకణములు

మూత్రపరీక్ష కాగితము చేతికి రాగానే మన స్త్రీలు మొదట వెదకునది ‘పస్ సెల్స్’ అను మాట. పస్ అనగా చీము గదా! లోపల నెక్కడనో పుండు పడినదని గుండె జారుట సహజము. నిజమునకవి తెల్ల రక్తకణములు. రోగక్రిములు చొరబడిన చోటికి పోరాడ వచ్చునవి. ఆరోగ్యవతుల మూత్రమునందును కొన్ని యుండును. సూక్ష్మదర్శినిలో నగపడు వలయమున కైదింటికి లోబడి యున్నచో సాధారణముగ భయము లేదు.

వీనిని కనుగొనుటకు రెండు మార్గములు గలవు. రసాయనము పూసిన పట్టీని మూత్రమున ముంచినచో, తెల్లకణములలోని ఎస్టరేజు అను పదార్థమువలన రెండు నిమిషములలో ఊదారంగు తేలును. లేదా మూత్రమును యంత్రమున వేగముగ త్రిప్పి, అడుగునకు దిగిన మడ్డిని సూక్ష్మదర్శిని క్రింద నుంచి లెక్కింతురు.

అయితే ఈ లెక్క తఱచుగా సీసా నింపుటలోనే చెడుచున్నది. తెల్లబట్ట యగుచున్నచో అందలి కణములు మూత్రమున గలిసి, లేని జబ్బు నున్నట్లు చూపును. కావున నీటితో శుభ్రపఱచుకొని, మొదటి ధారను విడిచి, నడిమి ధారను మాత్రమే పరీక్షశాలవారిచ్చిన సీసాలో పట్టవలెను. ఊరగాయ సీసా కడిగి తెచ్చు తల్లులును లేకపోలేదు! ఉదయము పట్టినదానిని గూటిలో మఱచి సాయంకాలము పంపుటయు తగదు. రెండు గంటలలోపల చేర్పవలెను.

తెల్లకణము లున్నంతమాత్రమున క్రిములున్నవని నిశ్చయింపరాదు. మూత్రపిండములలో రాళ్లున్నను, క్షయ సోకినను అవి కనబడవచ్చును. క్రిములను తేల్చునది కల్చరు. దానికి 24 మొదలు 48 గంటలు పట్టును. మిల్లీలీటరునకు లక్ష క్రిములను 1956లో ఎడ్వర్డ్ కాస్ అను అమెరికా వైద్యుడు గుర్తుగా నిలిపెను. మంట పుట్టగనే అంగడి మాత్రలు మ్రింగి, పిదప కల్చరునకు పంపినచో క్రిమి దొరకక పోవచ్చును. ఏ మందు పనిచేయునో తెలియకయే పోవును.

గర్భిణుల సంగతి వేఱు. ఇతర స్త్రీలకు బాధ యేమియు లేనిచో, మూత్రమున క్రిములున్నను సాధారణముగ మందక్కఱలేదు. గర్భిణులకు మాత్రము బాధ లేకున్నను వైద్యము చేయింపవలసినదే. ఉపేక్షించినచో అవి మూత్రపిండములకు ప్రాకి, తీవ్రజ్వరము తెచ్చి, నెలలు నిండకమునుపే కాన్పు కలుగు ప్రమాదమును పెంచును. కావున గర్భము నిలిచిన తొలినెలలలోనే యొకమాఱు కల్చరు చేయించుట మేలని మేము చెప్పుచున్నాము.

పురిటికి వచ్చిన బిడ్డ తనకు మంటగా నున్నదని చెప్పుటకు సిగ్గుపడును. తల్లియే చాటుగా నడుగవలెను. చలిజ్వరము, నడుము ప్రక్కల నొప్పి కలిసి వచ్చినచో మఱునాటివఱకు ఆగక ఆ దినమే వైద్యునికి చూపవలెను.