ఇంటి పరిచర్యకు కొలత ఏది?

స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లి రావడం, మంచం మీది నుంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలను అదుపులో ఉంచుకోవడం, అన్నం తినడం అనే ఆరు పనులను మనిషి ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో చూసి, అతనికి ఎంత సాయం అవసరమో అంచనా వేసే పద్ధతిని అమెరికన్ వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ప్రచురించారు. వయసు వల్లనో పక్షవాతం వల్లనో ఈ పనులు చేతకానప్పుడు మరొకరు చేసిపెట్టే సాయాన్నే వ్యక్తిగత పరిచర్య అంటారు. తెలుగునాట ఈ భారాన్ని మోసేది చాలావరకు ఇంట్లోని ఆడవాళ్లు, లేదా జీతానికి కుదిరిన కేర్‌టేకర్లు. ఆ పరిచర్య బాగోగులను మాత్రం మనం చేసేవారి మంచితనాన్ని బట్టి కొలుస్తాం. ఓర్పు, ప్రేమ లేనిదే పరిచర్య లేదన్నది నిజమే గాని, అవి నిండుగా ఉన్న ఇళ్లలోనూ మంచం పట్టినవారికి పుండ్లు పడుతున్నాయంటే, తెలియవలసినది తెలియకపోవడమో, చేసే మనిషికి వ్యవధి చాలకపోవడమో దానికి కారణమని గుర్తించాలి.

పడకపుండునే తీసుకుంటే, ఎముకకూ పరుపుకూ మధ్య గంటల తరబడి నలిగిన చర్మానికి రక్తం అందక అక్కడి కణజాలం చచ్చిపోవడమే ఆ పుండు. అది ముఖ్యంగా నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద పడుతుంది. మొదటి దశలో చర్మం చిట్లదు. ఎర్రబారిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు ఆ ఎరుపు చెదరకుండా అలాగే నిలిచి ఉంటే పుండు మొదలైనట్టే లెక్క. నల్లని ఒంటిమీద ఎరుపు తేలిగ్గా తెలియదు కనుక ఆ చోటు చుట్టుపక్కలకన్నా వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. ఆలస్యమైతే నాలుగో దశలో కండ కుళ్లి ఎముక బయటపడుతుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టడం సాధారణ నియమం. రోగి స్థితిని, పరుపును బట్టి ఆ వ్యవధిని వైద్యులు మార్చవచ్చు గాని, గాలిపరుపు కొన్నామన్న ధీమాతో పక్క మార్చడం మానేయడానికి వీల్లేదు. ఎర్రబారిన చోట నూనె రాసి మర్దన చేస్తే మేలని చాలామంది నమ్ముతారు. అక్కడ అసలే నలిగి ఉన్న చర్మం రాపిడికి ఇంకా దెబ్బతింటుంది. మనిషిని చంకల కింద చేతులు వేసి తలవైపు ఈడ్చడం కూడా అంతే హాని చేస్తుంది. కింద వేసిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపాలి.

పక్షవాతం వచ్చినవారికి పొలమారడం ఇంకొక ముప్పు. మెతుకో గుటకో అన్నవాహికకు బదులు శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియా రావచ్చు. కొందరికి దగ్గు కూడా రాదు కనుక పక్కనున్నవారికి ఆ సంగతే తెలియదు. పలుచని నీళ్లు మెత్తని ముద్దకన్నా ప్రమాదకరం కావడమూ కద్దు. కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా పెట్టి, మింగారని చూసుకున్నాకే తర్వాతి ముద్ద ఇచ్చి, తిన్నాక అరగంటైనా పడుకోనివ్వకుండా ఉండాలంటే పెట్టే మనిషికి తొందర ఉండకూడదు. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి స్నానపు నీళ్లు కాలుతున్నా తెలియదు కాబట్టి ముందు మరొకరు చేయి పెట్టి చూడాలి.

వ్యవధి లేకపోతే నాణ్యత లేదని ఇంగ్లండ్‌లో అధికారికంగానే ఒప్పుకున్నారు. అక్కడ 2008 నాటి చట్టం ప్రకారం ఇళ్లకు వెళ్లి వ్యక్తిగత పరిచర్య చేసే సంస్థలు కేర్ క్వాలిటీ కమిషన్ దగ్గర నమోదై, తనిఖీలకు లోబడి ఉండాలి. పదిహేను నిమిషాల్లో ముగించే సందర్శనల మీద విమర్శలు వచ్చిన నేపథ్యంలో, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప వృద్ధుల దగ్గర అరగంటకు తక్కువ గడపరాదని 2015లో జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. మన దేశంలో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది గాని, ఇళ్లకు సేవకులను పంపే సంస్థలను కూడా నమోదు పరిధిలోకి తేవాలని 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు చట్టం కాలేదు. అందుచేత ఏజెన్సీ పంపిన మనిషికి శిక్షణ ఉందో లేదో విచారించుకోవడం కుటుంబం మీదే పడుతోంది.

ఈ విచారణలో కేర్‌టేకర్ నిద్ర సంగతి ఎవరికీ తట్టదు. రాత్రి కూడా రెండు గంటలకోసారి పక్క మార్చవలసిన రోగికి ఒక్క మనిషినే ఇరవైనాలుగు గంటల డ్యూటీకి పెట్టడమంటే, ఆమె నిద్రపోతే రోగికీ, నిద్రపోకపోతే ఆమెకూ హాని జరిగే ఏర్పాటును చేతులారా చేయడమే. రాత్రికి వేరే మనిషో, ఇంట్లోవారి వంతో లేకుండా ఇది కుదరదు. కోడలు ఒక్కతే చేస్తున్న ఇంటికీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇంటి మనిషి కదా అని ఆమె అలసటను లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం.

మంచం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ వేళకు ఏ పక్కకు తిప్పారో, ఎంత తిన్నారో, మూత్రం ఎన్నిసార్లు అయిందో, వీపు మీద చర్మం ఎలా ఉందో రాయిస్తే, డ్యూటీ మారినప్పుడు కొత్తగా వచ్చినవారికీ, చూడవచ్చిన డాక్టరుకీ అది ఎంతో ఉపయోగపడుతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు గదిలో కెమెరా పెట్టించుకుంటున్నారు గాని, కెమెరాకు పుండు కనబడదు; ఒళ్లు తుడిచేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు అది ఆ తల్లికీ, ఆ కేర్‌టేకరుకీ అవమానం కూడా. కేర్‌టేకర్ పక్కన లేని సమయంలో పెద్దవారితో విడిగా మాట్లాడి, గదమాయింపులు గాని, డబ్బు అడగడం గాని జరుగుతున్నాయేమో నెమ్మదిగా కనుక్కోవడం అంతకన్నా మేలు. హైదరాబాద్‌లో మొదలై తర్వాత దేశమంతటికీ విస్తరించిన వృద్ధుల సహాయవాణి ఎల్డర్‌లైన్ 14567 నంబరు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా పనిచేస్తుంది. ఫోన్ పట్టుకోలేని స్థితిలో ఉన్నవారి తరఫున బంధువులు గాని ఇరుగుపొరుగువారు గాని మాట్లాడవచ్చు.