విధాన రచన ఫెలోషిప్: అపోహలు – వాస్తవాలు

చట్టాలను, పథకాలను, బడ్జెట్ కేటాయింపులను పరిశీలించి, వాటి పనితీరును ఆధారాలతో సహా నిర్ణయాధికారం గలవారి ముందుంచే రచనను విధాన రచన అంటారు. ఈ పనిలో యువతకు నిర్ణీత కాలం పాటు భృతితో అనుభవం కల్పించే ఏర్పాటే ఫెలోషిప్. భారతదేశంలో దీనికి సుపరిచితమైన ఉదాహరణ పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్. దీనికి ఎంపికైన ఒక్కొక్కరు ఒక్కొక్క పార్లమెంటు సభ్యుడికి పరిశోధన సహాయకులుగా, వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాలు ముగిసేదాకా పనిచేస్తారు.

అపోహ: అర్థశాస్త్రమో న్యాయశాస్త్రమో చదివినవారికే ఇందులో చోటు ఉంటుంది.

వాస్తవం: ల్యాంప్‌కు ఏ విషయంలో పట్టా ఉన్నా సరిపోతుంది. వయసు 25 ఏళ్లకు మించరాదన్న నిబంధనే, సుదీర్ఘ ఉద్యోగానుభవాన్ని ఎవరూ ఆశించడం లేదని చెబుతోంది. ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చిన తెలుగు యువత ఈ ఫెలోషిప్ ప్రకటన తమకు కాదనుకొని పక్కన పెట్టేస్తే అది నిజంగా నష్టమే.

అపోహ: సమాజంపై ఆవేదన, బలమైన అభిప్రాయం ఉంటే దరఖాస్తులోని వ్యాసం గట్టెక్కుతుంది.

వాస్తవం: ఎక్కువ దరఖాస్తులు బలహీనపడేది ఇక్కడే. మధ్యాహ్న భోజనం వండే మహిళలకు అన్యాయం జరుగుతోందని పేజీలకు పేజీలు రాసినా అది ఆవేదనగానే మిగులుతుంది. వారి గౌరవ వేతనాన్ని కేంద్రం 2009లో నెలకు 1,000 రూపాయలుగా, ఏడాదికి 10 నెలలకు నిర్ణయించిందనీ, అందులో 600 కేంద్రం, 400 రాష్ట్రం భరించే పద్ధతి అధిక రాష్ట్రాల్లో ఉందనీ, ఆంధ్రప్రదేశ్ 2019లో తన సొమ్ము కలిపి దాన్ని 3,000కు పెంచిందనీ చూపినప్పుడు, అదే ఆవేదన జవాబు రాబట్టగల ప్రశ్నగా మారుతుంది. పార్లమెంటు సభ్యుడు సభలో అడిగేటప్పుడు అది దాదాపు ఇలా ఉంటుంది: (అ) 2009 తర్వాత కేంద్ర వాటాను సవరించారా, (ఆ) సవరించకపోతే కారణాలేమిటి, (ఇ) రాష్ట్రాలవారీగా అదనపు చెల్లింపుల వివరాలేమిటి. లోక్‌సభ నియమాల ప్రకారం ప్రశ్నలో వాదన, ఊహ, నింద ఉండరాదు, సాధారణంగా అది 150 మాటలు దాటరాదు. కోపాన్ని ఇంత కొద్ది మాటల్లోకి కుదించగలవారికే ఈ పని పట్టుబడుతుంది.

అపోహ: ఫెలో తన పార్లమెంటు సభ్యుడి కోసం రాసిన బిల్లు చట్టమైతేనే శ్రమ ఫలించినట్టు.

వాస్తవం: మంత్రులు కాని సభ్యులు ప్రవేశపెట్టే ప్రైవేటు బిల్లుల్లో ఇప్పటివరకు చట్టమైనవి 14 మాత్రమే, చివరిది 1970 నాటిది. అయితే రాజ్యసభ సభ్యుడు తిరుచ్చి శివ ప్రతిపాదించిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లును 2015లో ఆ సభ ఆమోదించాక ప్రభుత్వం తానే వేరొక బిల్లు తెచ్చింది, 2019లో అదే అంశంపై చట్టం వచ్చింది. ఆ చట్టంపై విమర్శలున్నాయి, కానీ సభ దృష్టిని ఆ సమస్య వైపు తిప్పింది మాత్రం ఆ ప్రైవేటు బిల్లే.

అపోహ: ఇంగ్లిష్ పాండిత్యమే గీటురాయి.

వాస్తవం: ఇంగ్లిష్‌లో తేటగా రాయగలగడం అవసరమే గాని పాండిత్యం అక్కర్లేదు. తెలుగులో ఉండే గ్రామసభ తీర్మానాన్ని, ఇంగ్లిష్‌లో ఉండే కేంద్ర మార్గదర్శకాలను పక్కపక్కన పెట్టి, ఆదేశం ఊరికి చేరేలోగా ఎక్కడ మారిపోయిందో చెప్పగలవారు అరుదు. రెండు భాషలూ వచ్చినవారు ఆ బలాన్ని దాచుకోకూడదు.

అపోహ: గడువుకు వారం ముందు మొదలుపెట్టినా సరిపోతుంది.

వాస్తవం: అభిప్రాయమైతే వారంలో రాయవచ్చు, ఆధారం అంత త్వరగా దొరకదు. ప్రభుత్వ వెబ్‌సైట్లలో లేని లెక్కను సమాచార హక్కు చట్టం కింద కేంద్ర శాఖను 10 రూపాయల రుసుముతో అడగవచ్చు గాని, జవాబు ఇవ్వడానికి ఆ అధికారికి చట్టమే 30 రోజులు ఇస్తోంది. జవాబు అసంపూర్ణంగా వచ్చి మొదటి అప్పీలుకు వెళ్లాల్సివస్తే మరో నెల పట్టవచ్చు. కాబట్టి వ్యాసానికి అంశాన్ని ఎంచుకునే పని ప్రకటన వెలువడక ముందే పూర్తికావాలి.