ఓడినవారి కీర్తి

రాష్ట్రపతుల పేర్లను వరుస తప్పక అప్పజెప్పగల విద్యార్థులు మన పాఠశాలలలో ఎందరో కలరు. ఆ పదవికి పోటీచేసి ఓడినవారెవరని అడిగితే మాత్రం తరగతి అంతా మౌనం వహిస్తుంది. గెలిచినవారి పటాలు గోడలపై ఉంటాయి. ఓడినవారికి ఆ భాగ్యం లేదు. అయినా కాలపురుషుని లెక్క వేరు.

1967లో ఓడినవారు కోకా సుబ్బారావుగారు. రాజమహేంద్రవరంలో జన్మించి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన ఆంధ్రుడు. ఆ పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచి, డాక్టర్ జాకీర్ హుస్సేన్‌గారి చేతిలో పరాజితులైనారు. న్యాయపీఠం దిగి నేరుగా ఎన్నికలకు పోవుట తగునా అని నాడు విమర్శ చెలరేగినది. ఆ ప్రశ్న నేటికీ ఆలోచింపదగినదే.

1969లో పోరు ఇద్దరు తెలుగువారి నడుమ సాగినది. లోక్‌సభ స్పీకరు పదవిని వదలి కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచిన నీలం సంజీవరెడ్డిగారు, అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయుడన్న ఇందిరాగాంధీ పిలుపుతో ఓడినారు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలిపిన పిమ్మట వి.వి. గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 వచ్చినవి. రెడ్డిగారు అనంతపురం సీమకు మరలి సేద్యం చేసుకొన్నారు. 1977లో ఆంధ్రప్రదేశ్ నుండి జనతా పక్షాన లోక్‌సభకు గెలిచినవారు ఆయన ఒక్కరే. ఆ యేడే పోటీ లేకుండా రాష్ట్రపతి అయినారు. ఆయన ఓటమికి పదవియే పరిహారమైనది.

1982లో ఓడిన హెచ్.ఆర్. ఖన్నాగారికి పదవి దక్కలేదు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, నిర్బంధితులు న్యాయస్థానం తలుపు తట్టరాదని నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, ఐదవవారైన ఖన్నాగారు ఒంటరిగా కాదన్నారు. 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి, ఆయనకంటె చిన్నవారికి పోయినది. ఆయన రాజీనామా చేసినారు. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేయువారు శాసనసభల, పార్లమెంటు సభ్యులే గనుక పక్షాల బలం ముందే తెలిసినదే. ఆయనకు 2,82,685 ఓట్లు రాగా, జైల్‌సింగ్‌గారు 7,54,113 ఓట్లతో గెలిచినారు.

ఇక 2017 ఆగస్టు 24. ఆనాడు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా ప్రకటించినది. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత అంతర్భాగమని 1962లోనే ఖరక్ సింగ్ కేసులో భిన్నతీర్పు వ్రాసినవారు సుబ్బారావుగారు; ఆ మాటయే ఒప్పని కోర్టు అంగీకరించినది. అదే తీర్పులో 1976 నాటి అధికసంఖ్యాకుల తీర్పును కొట్టివేసి, ఖన్నాగారి వాదమే న్యాయమన్నది. రాష్ట్రపతి పదవికి ఓడిన ఇరువురు, అస్తమించిన ఎంతో కాలానికి, ఒకే దినాన గెలిచినారు!

ఉపాధ్యాయులారా, పిల్లలకు విజేతల జాబితా నేర్పుడు, తప్పులేదు. కాని ఆ జాబితా ప్రక్కన మరి రెండు పేర్లు వ్రాసి, వారు ఏమి వ్రాసి ఓడినారో కూడ చెప్పుడు. ఓట్ల లెక్క ఒక్క దినంలో ముగుస్తుంది. ఒంటరిగా పలికిన న్యాయమైన మాటకు లెక్క తేలడానికి యాభై ఐదేండ్లు పట్టవచ్చును.