ఒకే తీరం, రెండు వానకాలాలు: నెల్లూరు వర్షపాత సరళి - ఆసియా తూర్పు తీరాలతో పోలిక

వ్యాససంగ్రహం

నెల్లూరు తీరానికి ప్రధాన వర్షాలు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో కురుస్తాయి. ఈ స్థితిని దేశీయ ఋతుపవన సరళికి మినహాయింపుగా పేర్కొనడం పరిపాటి. దీనిని మినహాయింపుగా కాక, ఆసియా ఖండంలోని ఒక ప్రత్యేక వర్షపాత మండల లక్షణంగా పరిగణించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నెల్లూరు, ఈశాన్య ఋతుపవనాలు, కోరమాండల్ తీరం, ఎడగారు, పెన్నా.

1. ఉపోద్ఘాతం

భారతదేశ వార్షిక వర్షపాతంలో దాదాపు నాలుగింట మూడు వంతులు జూన్-సెప్టెంబరు మధ్య నైరుతి ఋతుపవనాల వల్ల లభిస్తుంది. అందుచేత పాఠ్యగ్రంథాల్లోను, పత్రికల్లోను "వానకాలం" అంటే ఈ నాలుగు నెలలే. నెల్లూరు రైతు మాత్రం స్వాతి, విశాఖ కార్తెల కోసం ఎదురుచూస్తాడు. ఈ రెండు నిరీక్షణల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాస విషయం.

2. ఒకే ఉపవిభాగంలో తలకిందులైన సరళి

భారత వాతావరణ శాఖ దేశాన్ని 36 ఉపవిభాగాలుగా విభజించింది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు గల తీరమంతా అందులో ఒకే ఉపవిభాగం. ఉమ్మడి నెల్లూరు జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 1080 మి.మీ. ఇందులో సుమారు 660 మి.మీ. ఈశాన్య కాలానిది, 330 మి.మీ. నైరుతి కాలానిది. పాత శ్రీకాకుళం జిల్లాలో వార్షిక మొత్తం కొంచెమే ఎక్కువ. కాని అక్కడ దాదాపు 60 శాతం నైరుతి కాలంలోనే కురుస్తుంది. నెల్లూరులో అదే నిష్పత్తి ఈశాన్య కాలానికి చెందుతుంది. మొత్తాలు దగ్గరగా ఉన్నా కాలక్రమం తారుమారైంది. రెంటినీ కలిపి సగటు తీస్తే ఆ సగటు ఏ కొసనూ సరిగా చూపదు.

ఈ అంకెలు 2022 జిల్లాల పునర్విభజనకు పూర్వపు సరిహద్దులకు చెందినవన్న సంగతిని పరిశోధకులు గుర్తుంచుకోవాలి.

3. కారణాలు

నైరుతి గాలులు తమ తేమలో అధికభాగాన్ని పడమటి కనుమల మీదనే విడిచిపెడతాయి. దక్కను పీఠభూమిని దాటి, వెలిగొండలు దిగి నెల్లూరు చేరేసరికి అవి పొడిగాలులవుతాయి. ఆ నాలుగు నెలల్లో ఇక్కడ పడేవి ఎక్కువగా సాయంకాలపు ఉరుముల వానలు.

అక్టోబరులో గాలిదిశ మారుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే గాలులు బంగాళాఖాతం మీదుగా ప్రయాణించి, తేమను గ్రహించి తీరాన్ని తాకుతాయి. అల్పపీడనాలు, వాయుగుండాలు, తుఫానులు వీటికి తోడవుతాయి. తీరం నుంచి పడమటి మెట్టకు, అంటే ఉదయగిరి వైపుకు వెళ్లేకొద్దీ ఈ వర్షం తగ్గుతుంది.

4. ఖండంలో నెల్లూరు స్థానం

శ్రీలంకలోని ట్రింకోమలీ, మలేషియా తూర్పు తీరంలోని కువాలా తెరెంగాను, మధ్య వియత్నాంలోని హుయే - ఈ మూడింటికీ ఏడాది చివరి నెలల్లోనే అధిక వర్షం. మూడూ తూర్పున సముద్రం, పడమట ఎత్తైన నేల గల ప్రదేశాలు. వియత్నాంలో చ్యోంగ్ సోన్ పర్వతాలు నైరుతి గాలుల తేమను అడ్డుకొనగా, అవతలి వైపు వేసవిలో వేడిగాలి దిగుతుంది. నెల్లూరులో మే, జూన్ నెలల పడమటి గాడ్పు ఎరిగినవారికి ఇది పరిచితమైన అనుభవమే. కొప్పెన్ వర్గీకరణ కూడా కోరమాండల్ తీరాన్ని వేసవి పొడిగా ఉండే ఉష్ణమండల సవన్నాగా విడిగా గుర్తించింది.

5. పంట, చెరువు, కాలువ

ఈ కాలక్రమం పంటల పేర్లలోనే కనిపిస్తుంది. పెన్నా డెల్టాలో ప్రధాన వరిపంట అక్టోబరు తరువాత మొదలవుతుంది. వేసవిలో వేసే రెండవ పంట ఎడగారు. చెరువులు స్థానికమైన ఈశాన్య వర్షంతో నిండుతాయి. సోమశిల జలాశయానికి మాత్రం పెన్నా ఎగువ ప్రవాహంతోపాటు తెలుగుగంగ ద్వారా కృష్ణా జలాలు చేరుతాయి. వాటిలో అధికభాగం నైరుతి వర్షఫలం. కాబట్టి ఆయకట్టు రైతుకు రెండు ఋతువుల ఆధారం ఉన్నది. చెరువు కింద, మెట్టన సాగుచేసేవారికి ఒక్కటే. నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టడం, పులికాట్ సరస్సు ఉప్పదనం తగ్గడం కూడా ఈశాన్య వర్షాల మీదనే ఆధారపడి ఉన్నాయి.

6. కొలమానపు సమస్య

2015లో దేశవ్యాప్త నైరుతి వర్షపాతం సాధారణంలో 86 శాతమే. అయినా ఆ నవంబరులో నెల్లూరు వరదపాలైంది. 2016లో దేశ నైరుతి వర్షపాతం 97 శాతానికి చేరింది. కాని ఈశాన్య కాలంలో తమిళనాడులో 62 శాతం లోటు ఏర్పడింది, దక్షిణ కోస్తాలోనూ వానలు బాగా తగ్గాయి. ఎల్ నినో నైరుతిని బలహీనపరచి, ఈశాన్య వర్షాలను తరచు పెంచుతుందన్న పరిశీలనకు 2015 అనుగుణంగా ఉన్నది. సాధారణ మొత్తం కురిసినా అది కొద్దిరోజుల్లోనే పడవచ్చు. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు వద్ద రైలుమార్గాన్ని, కోవూరు వద్ద జాతీయ రహదారిని తెంచింది.

సెప్టెంబరు 30న దేశ వానకాలపు లెక్క ముగుస్తుంది. నెల్లూరులో ప్రధాన వానకాలం అప్పటికింకా ప్రారంభమే కాదు. ఆ తేదీ నాటి అంకెలతో ఈ తీరపు కరవునుగాని, సమృద్ధినిగాని నిర్ణయించడం అసంగతం.

7. ముగింపు

నెల్లూరు వర్షపాతాన్ని అధ్యయనం చేసేవారు పాలనా సరిహద్దుల కంటె వర్షపు కాలక్రమాన్ని ప్రమాణంగా గ్రహించడం మేలు. జూన్‌తో కాక అక్టోబరుతో మొదలయ్యే జలసంవత్సరాన్ని తీసుకొని, చెరువుల నీటిమట్టాలను, పంటకాలాలను దానితో పోల్చాలి. అప్పుడు ఈ తీరానికి శ్రీకాకుళం కంటె ట్రింకోమలీ దగ్గరి చుట్టమని స్పష్టమవుతుంది.