మీకు తెలుసా? చెరుకు రసం తీగలా ఎందుకు సాగుతుంది

నరికిన చెరుకు రోజుల తరబడి ఎండలో పడి ఉంటే కోసిన చివర్ల నుంచి ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. చక్కెరను తిని డెక్స్‌ట్రాన్ అనే జిగురు అల్లుతుంది. వేలు ముంచి తీస్తే రసం తీగలా సాగుతుంది! 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ లాంటి మిల్లులకు ఇదో బెడదగా ఉండేది. రసం త్వరగా వడపోతకు లొంగదు, చక్కెర పలుకులు సూదుల్లా సాగిపోతాయి. ఆ డెక్స్‌ట్రాన్‌నే శుద్ధి చేసి, రక్తం కోల్పోయిన రోగులకు సెలైన్‌లా ఎక్కించారు.

ఈ జిగురు అల్లే ఎంజైమ్ జన్యువును శాస్త్రవేత్తలు ఇ. కోలై బ్యాక్టీరియాలోకి మార్చగలిగారు. ఎలాగంటే, ఎంజైమ్ కత్తెరతో జన్యువును కోస్తారు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరాన్ని తెరిచి, అందులో జన్యువును లైగేజ్ అనే ఎంజైమ్‌తో అతికిస్తారు. ఆ ఉంగరాన్ని కొత్త కణంలోకి పంపుతారు. నిజానికి ప్లాస్మిడ్లు మనిషి కనిపెట్టినవి కావు, బ్యాక్టీరియాలు ఎన్నడో ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టినవే.

ఇలా జన్యువును మార్చే విద్యతోనే 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఈస్ట్ కణాల్లో హెపటైటిస్-బి టీకా తయారుచేసి విడుదల చేసింది. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ (జన్యువు మార్చి చేసిన) టీకా అదే. ఇవాళ నిజామాబాద్‌లో పుట్టిన బిడ్డకు మొదటి రోజే వేసే హెపటైటిస్-బి టీకా కూడా ఈ విద్య బిడ్డే.