బొమ్మంత ఆవిరి ఇంజను ఇంట్లో ఎలా చేస్తారు?



యూనిట్ పరీక్షలో ఆవిరి ఇంజను బొమ్మకి నాకు 5కి 5 మార్కులు వచ్చాయి. దసరా సెలవుల్లో ఇంటి దగ్గర ఆ బొమ్మే మళ్ళీ గీస్తుంటే మా మేనమామ చూశాడు. "కోడలా, ఆవిరి పిస్టన్ని ఇటు నెట్టింది, సరే. మళ్ళీ అటు ఎట్లా నెడతది?" అని అడిగాడు. నాకు చెప్పడం రాలేదు. భాగాల పేర్లన్నీ వచ్చు గాని అవి చేసే పని తెలీదు. మామయ్య బడికి పోయింది రెండేళ్ళే. లేత్ షాపులో పనిచేస్తాడు. నాకు చాలా సిగ్గేసింది. ఆ సెలవుల్లో రోజూ షాపుకి వెళ్ళి చూశాను. తిరిగి వచ్చాక లైబ్రరీలోని మోడల్ ఇంజన్ల పుస్తకం సైన్సు టీచరు గారి దగ్గర కూర్చుని చదివాను. అర్థమైనంత వరకు రాస్తున్నాను.

ఎవరు చేస్తారు?

ఇంగ్లాండులో చాలామంది ఇంటి వెనక షెడ్డులో చిన్న లేత్ మిషను పెట్టుకుంటారు. ఉద్యోగం నుంచి వచ్చాక తీరిక వేళల్లో చిన్న చిన్న ఆవిరి ఇంజన్లు తయారుచేస్తారు. చూడ్డానికి బొమ్మలే గాని నిజంగా తిరుగుతాయి. ఇలాంటి వాళ్ళ కోసమే అక్కడ 1898లో 'మోడల్ ఇంజనీర్' అనే పత్రిక మొదలైంది.

స్టువర్ట్ అనే పేరుతో అమ్మే ఇంజన్లలో '10వి' అనేది నిలువుగా ఉండే చిన్న ఇంజను. దాని సిలిండరు లోపలి వ్యాసం ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. మన రూపాయి బిళ్ళ కంటే తక్కువ. పిస్టను కిందికీ పైకీ కదిలేది కూడా ముప్పావు అంగుళమే.

పోత ముక్కలుగా కొన్నవాళ్ళకి పెట్టెలో తయారైన ఇంజను ఉండదు. గరుకు ఇనుప ముక్కలు, కడ్డీలు, ఒక డ్రాయింగు ఉంటాయి. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోస్తారు కాబట్టి ముక్క గరుకుగా, కావలసిన దానికంటే కొంచెం పెద్దదిగా వస్తుంది. ఆ ఎక్కువ ఉన్నదాన్ని కొలత ప్రకారం కోసి తీసేయడమే మెషినింగ్.

లేత్ ఎలా కోస్తుంది?

కుమ్మరి సారె మీద మట్టి తిరుగుతుంది, చెయ్యి కదలకుండా ఉంటుంది. అందుకే కుండ గుండ్రంగా వస్తుంది. లేత్ కూడా అంతే. చక్ అనే పట్టులో ఇనుప ముక్క తిరుగుతుంది. చెయ్యికి బదులు గట్టి ఉక్కు టూలు ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే టూలు కొంచెం కొంచెం ముందుకు జరుగుతుంది. హ్యాండిల్ చుట్టూ గీతలుంటాయి. అంగుళాల లేతుల్లో ఒక గీత అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.025 మి.మీ. మన తల వెంట్రుక మందం సుమారు 0.07 మి.మీ. కాబట్టి వెంట్రుక అంటే మూడు గీతలన్నమాట.

నేను తప్పు చేసింది ఇక్కడే. మామయ్య పక్కనే నిలబడి ఒక పాత కడ్డీ మీద హ్యాండిల్ నాచేత తిప్పించాడు. పది గీతల లావు తగ్గించమంటే నేను పది గీతలు తిప్పాను. ఇరవై తగ్గింది! టూలు ఒక పక్కనే ఉన్నా కడ్డీ తిరుగుతుంది కాబట్టి చుట్టూ కోస్తుంది. అందుకే లావు రెట్టింపు తగ్గుతుంది. కోసిన ఇనుము మళ్ళీ అతుక్కోదు. నోట్సులో అయితే రబ్బరుతో చెరిపేసేదాన్ని.

సిలిండరు, పిస్టను

అన్నిటికంటే కష్టమైన పని సిలిండరు లోపల గుండ్రంగా చేయడం. పోతలో ముందే ఒక వంకర రంధ్రం ఉంటుంది. డ్రిల్లు పెడితే అది పాత రంధ్రం ఎటు వంకరగా ఉంటే అటే పోతుంది. అందుకని బోరింగ్ టూలు వాడతారు. ఒకే మొన ఉన్న టూలు అది. ఎత్తుగా ఉన్నచోట ఎక్కువ, పల్లంగా ఉన్నచోట తక్కువ కోసుకుంటూ రంధ్రాన్ని గుండ్రంగా చేస్తుంది. చివరిసారి లోతు పెంచకుండా అదే టూలు మళ్ళీ రెండుమూడుసార్లు నడిపిస్తారు. సన్నటి టూలు కోసేటప్పుడు కొంచెం వంగుతుంది. కాబట్టి మిగిలిపోయిన కాస్త ఇనుము అప్పుడు పోతుంది. ముక్కను చక్ నుంచి విప్పకుండానే సిలిండరు ఒక మొహం కూడా చదును చేయాలి. విప్పి మళ్ళీ బిగిస్తే రంధ్రానికి, మొహానికి మూల సరిగా కుదరదు.

గుండ్రం ఎందుకంత ముఖ్యం? జేమ్స్ వాట్‌కు 1765లోనే మంచి ఇంజను ఆలోచన వచ్చింది. 1769లో పేటెంటు తీసుకున్నారు. కాని సిలిండరు సరిగ్గా గుండ్రంగా చేయడం కుదరక ఆవిరి పక్కల నుంచి కారిపోయేది. 1774లో జాన్ విల్కిన్సన్ ఫిరంగి గొట్టాలు తొలిచే మంచి పద్ధతి కనిపెట్టారు. తర్వాత సిలిండర్ల కోసం, కోసే కడ్డీ సిలిండరులోంచి దూరి రెండు చివర్లా ఆనేటట్టు మిషను చేశారు. దాంతో 50 అంగుళాల సిలిండరులో పాత షిల్లింగు నాణెం మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బోల్టన్ 1776లో రాశారు. మన పుస్తకంలో వాట్ పేరు ఉంది, విల్కిన్సన్ పేరు లేదు. ఆయన లేకపోతే వాట్ ఆలోచన కాగితం మీదే ఉండేది.

పిస్టన్ని ముందుగా దాని కడ్డీకి మరతో బిగించి, ఆ కడ్డీని పట్టుకునే చివరి కోత కోస్తారు. అప్పుడు రెండింటి నడుము ఒకటే అవుతుంది. డ్రాయింగులో అంకె ఎంతున్నా, తాను చేసిన సిలిండరులో పెట్టి చూసుకుంటూ దానికి సరిపడా చేస్తారు. పిస్టను చుట్టూ ఒక గాడి చేసి అందులో నూలు లాంటి ప్యాకింగు చుడతారు. చేత్తో నెడితే జారాలి, ఆవిరి మాత్రం కారకూడదు.

మామయ్య ప్రశ్నకు జవాబు

సిలిండరు పక్కన చదునైన మొహం మీద మూడు చీలికలుంటాయి. పై చీలిక పిస్టనుకు పైవైపు, కింది చీలిక పిస్టనుకు కిందివైపు పోతుంది. నడిమి చీలిక బయటికి పోయే దారి. వీటి మీద బోర్లించిన పెట్టె లాంటి స్లైడ్ వాల్వు జరుగుతుంది. వాల్వు చుట్టూ ఆవిరి నిండి ఉంటుంది.

మీరూ చేసి చూడండి. అట్టముక్క మీద మూడు సన్నటి చీలికలు కోసి, అగ్గిపెట్టె లోపలి అర బోర్లించండి. అరను కిందికి జరిపితే పై చీలిక తెరుచుకుంటుంది. కొత్త ఆవిరి అందులోకి దూరి పిస్టన్ని కిందికి నెడుతుంది. అదే సమయంలో కింది చీలిక, నడిమి చీలిక రెండూ అర లోపలే ఉంటాయి. పాత ఆవిరి ఆ దారిన బయటికి పోతుంది. అరను పైకి జరిపితే అంతా తారుమారు. ఈ వాల్వును జరిపేది ఇరుసు మీద ఉండే ఎక్సెంట్రిక్ అనే బిళ్ళ. దాని రంధ్రం నడుమన ఉండదు, పక్కకి ఉంటుంది. అందుకే ఇరుసు తిరిగితే అది వాల్వును పైకీ కిందికీ ఆడిస్తుంది. అంటే ఇంజను తన తలుపులు తానే తీసి మూసుకుంటుంది.

వాల్వు మొహం చదునుగా లేకపోతే ఇదంతా వృథా. అందుకని అద్దం పలక మీద సన్న ఎమరీ కాగితం పరిచి మెల్లగా రుద్దుతారు. బరువైన ఫ్లైవీలు పిస్టను ఆగే చోట ఇరుసును దాటిస్తుంది.

జాగ్రత్తలు

మొదట ఆవిరి పెట్టరు, గాలి పంపి తిప్పి చూస్తారు. బాయిలర్ని చల్లటి నీళ్ళతో నింపి, పని ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. నీళ్ళు ఆవిరిలాగా వ్యాకోచించవు కాబట్టి బాయిలరు చీలినా పేలదు. లేత్ దగ్గర కళ్ళద్దాలు పెట్టుకోవాలి. చక్ తాళం చక్‌లో వదిలెయ్యకూడదు. చున్నీ వేసుకోకూడదు. మనలాగా రెండు జడలు వేలాడితే మిషను లాగేస్తుంది. గట్టిగా ముడి వేసుకోవాలి.

ఇది ఆడపిల్లల పనేనా అని మన క్లాసులో ఒకరు అడిగారు. ఇంగ్లాండుకు చెందిన చెర్రీ హిల్ అనే ఆమె తండ్రి వర్క్‌షాపులో పని నేర్చుకుని, పాత ఆవిరి ట్రాక్షన్ ఇంజన్లను పదహారో వంతు సైజులో చేశారు. ఆ పనికి 2000లో ఎం.బి.ఇ. బిరుదు ఇచ్చారు. మన దగ్గర కూడా పది పాసైతే ఐ.టి.ఐ.లో టర్నర్, ఫిట్టర్, మెషినిస్ట్ ట్రేడులున్నాయి. ఒక్కొక్కటి రెండేళ్ళు. అమ్మాయిలూ చేరవచ్చు.

మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు అగ్గిపెట్టె అరతో మామయ్యకు జవాబు చెప్పాను. రెండుసార్లు జరిపి చూసి, "ఇప్పుడు నీకు వచ్చింది" అన్నాడు. ఆ 5 మార్కుల కంటే అదే నాకు ఎక్కువనిపించింది. ఇందులో తప్పులుంటే రాత్రి స్టడీ అవర్లో చెప్పండి, దిద్దుకుంటాను.

— 9వ తరగతి విద్యార్థిని